చలిజ్వరం గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్

వానాకాలం ముదిరిందంటే మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఇంటింటా ఒక సంతోషం, ఒక దిగులు. చెరువులు, కుంటలు నిండుతున్నాయంటే సంతోషం. ఆ వెనుకనే పిల్లలకు జ్వరాలు మొదలవుతాయేమోనన్న దిగులు. చీకటి పడ్డాక తల్లి బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంటుంది. ఒళ్లు కాలుతుంటే ఇంట్లో పెద్దలు తలా ఒక మాట అంటారు. నీళ్లు పడలేదని ఒకరు, వాతావరణం మారిందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు.

గాలి సోకడం అనే మాట మనకొక్కరికే సొంతం కాదు. మలేరియా అనే పేరు పుట్టింది కూడా అదే భావం నుంచి. ఇటలీ భాషలో ఆ మాటకు చెడ్డ గాలి అని అర్థం. చిత్తడి నేలల మీద నుంచి వీచే దుర్గంధపు గాలి వల్లే చలిజ్వరం వస్తుందని వందల ఏళ్లపాటు లోకమంతా నమ్మింది. గాలి, నీరు, నివాసస్థలం మనిషి ఆరోగ్యాన్ని మారుస్తాయని ప్రాచీన గ్రీకు వైద్యులు చెప్పారు. ఇబ్నె సీనా తన సుప్రసిద్ధ వైద్యగ్రంథం అల్ ఖానూన్‌లో ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. యూనానీ హకీములు నేటికీ ఆ సంప్రదాయాన్ని గౌరవిస్తారు. వ్యాధికీ పరిసరాలకూ సంబంధం ఉందన్న వారి పరిశీలన నూటికి నూరుపాళ్లు నిజం. అయితే పరిసరాల్లోని కీడు ఏ దారిన మనిషి ఒంట్లోకి వస్తున్నదన్న ప్రశ్నకు మాత్రం చాలాకాలం జవాబు దొరకలేదు.

ఆ జవాబు దొరికింది ఎక్కడో దూరదేశంలో కాదు. మేడ్చల్ నుంచీ, శామీర్‌పేట నుంచీ పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ దూరంలో ఉన్న సికింద్రాబాద్‌లో, మన పెద్దలు లష్కర్ అని పిలుచుకునే దండు ప్రాంతంలో దొరికింది. కనిపెట్టినవారు సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. ఆ పనిలో తన రక్తం ఇచ్చినవారు హుస్సేన్ ఖాన్ అనే రోగి. ఈ వారం మనం వారి కథ తెలుసుకుందాం.

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ పాదాల చెంత ఉన్న ఆల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవారు. 8 ఏళ్ల వయసులో చదువు కోసం ఆయనను ఇంగ్లండ్ పంపించారు. ఆయన మనసు కవిత్వం మీద, సంగీతం మీద, చిత్రలేఖనం మీద, గణితం మీద ఉండేది. వైద్యం మీద ఏమాత్రం లేదు. కాని కొడుకు వైద్యుడు కావాలన్నది తండ్రి పట్టుదల. ఆ మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరారు. పరీక్షల్లో ఒకసారి తప్పారు కూడా. కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేసి, చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చారు.

1883లో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక చిన్న సంఘటన జరిగింది. ఆయన ఉండే బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. వెదికి చూస్తే కిటికీ దగ్గరున్న నీళ్ల తొట్టెలో వాటి పిల్లపురుగులు కదులుతూ కనిపించాయి. ఆ నీళ్లు పారబోయించగానే దోమలు తగ్గిపోయాయి. అప్పటికి దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం ఆయనకు తెలియదు. దోమ నీళ్లలో పుడుతుందని, నీళ్లు పారబోస్తే పుట్టదని మాత్రం అర్థమైంది. ఆయన తర్వాతి జీవితమంతా ఈ చిన్న అనుభవానికి విస్తరణ అనుకోవచ్చు.

చలిజ్వరానికి కారణమైన పరాన్నజీవిని అంతకుముందే, 1880లో, అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో చూశారు. అది రక్తంలో ఉందన్నది తేలింది. అక్కడికి ఎలా వచ్చిందన్నది తేలలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ అనే ప్రముఖ వైద్యుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపించారు. దోమలకు దీనితో సంబంధం ఉండవచ్చని మాన్సన్ అనుమానం. రోగి రక్తం తాగిన దోమ నీళ్లలో పడి చనిపోతుందని, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన ఊహించారు. ఇందులో సగం నిజం, సగం పొరపాటు.

1895లో రాస్ సికింద్రాబాద్ చేరుకున్నారు. ఆసుపత్రిలోని జ్వర రోగుల వేళ్ల నుంచి ఒక్కో బొట్టు రక్తం తీసి పరీక్షించడం మొదలుపెట్టారు. అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంలో ఆయనకు కావలసిన పరాన్నజీవులు నెలవంక ఆకారంలో కనిపించాయి. ఆయనను దోమల చేత కుట్టించి, ఆ దోమలను కోసి చూశారు. దోమలు పడి చనిపోయిన నీళ్లను కొందరికి తాగించి కూడా చూశారు. దానివల్ల స్పష్టంగా ఏమీ తేలలేదు. ఈ రోజుల్లో అటువంటి ప్రయోగాన్ని ఏ వైద్యమండలీ అనుమతించదు. రోగికి పూర్తిగా వివరించి, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే పరిశోధన చేయాలన్న నియమం అప్పటికి లేదు.

ఇంతలో కలరా అరికట్టే పని మీద ఆయనను బెంగళూరు పంపించారు. 1897లో సెలవు తీసుకొని ఊటీ దగ్గర జ్వరాలకు పేరుమోసిన సీగూరు లోయకు వెళ్లారు. అక్కడ ఆయనకే చలిజ్వరం సోకింది. తాను వెదుకుతున్న వ్యాధి తన ఒంట్లోకే వచ్చింది. కోలుకొని అదే ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ వచ్చారు.

అప్పటివరకూ ఆయన కోసి చూసినవి ఇళ్ల చుట్టూ మామూలుగా తిరిగే బూడిదరంగు దోమలు, చారల దోమలు. వందల దోమలను పరీక్షించినా ఫలితం శూన్యం. దోమల్లో అనేక జాతులున్నాయని, అన్నీ ఒకే వ్యాధిని మోయవని అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. 1897 ఆగస్టు నడిమికి ఆయన సహాయకులు ఒక సీసాలో కొత్తరకం పిల్లపురుగులను పట్టుకొచ్చారు. వాటి నుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు బయటికి వచ్చాయి. మనం నేడు అనాఫిలిస్ అని పిలిచే జాతి అది.

ఆసుపత్రిలో చలిజ్వరంతో ఉన్న హుస్సేన్ ఖాన్ ఆ దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పారు. ఆగస్టు 16న దోమలు ఆయన రక్తం తాగాయి. ఆ తర్వాత రాస్ రోజుకు కొన్ని చొప్పున వాటిని కోసి చూస్తూ వచ్చారు. ఉక్కపోత భరించరానిదిగా ఉండేది. పంఖా లాగిస్తే కోసిన దోమల ముక్కలు ఎగిరిపోతాయని, గాలి లేకుండానే పనిచేశారు. చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కళ్లు మసకబారాయి. ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాని జీర్ణకోశపు గోడలో గుండ్రని కణాలు కొన్ని కనిపించాయి. వాటి లోపల చలిజ్వరపు పరాన్నజీవిలో ఉండే నల్లని రేణువులే ఉన్నాయి. మరునాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై కనిపించాయి. అంటే ఆ జీవి దోమ ఒంట్లో పెరుగుతున్నదన్నమాట. ఆ రాత్రి రాస్ పట్టరాని ఆనందంతో ఒక పద్యం రాసుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఆయన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

అయినా పని సగమే అయింది. రోగి నుంచి దోమలోకి వెళ్లడం తెలిసింది. దోమ నుంచి మరో మనిషికి ఎలా వస్తుంది? అది తేల్చే లోపే ఆయనను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ పరిశోధనకు పనికివచ్చే రోగులు దొరకలేదు. మాన్సన్ పైవారికి నచ్చజెప్పగా 1898లో కలకత్తా పంపించారు. అక్కడ మనుషులకు బదులు పిచ్చుకలకు వచ్చే ఇటువంటి జ్వరాన్ని తీసుకొని ప్రయోగాలు సాగించారు. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు మొహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు. పక్షులనూ దోమలనూ పట్టి తేవడం, పెంచడం, కాపాడటం ఆయన చూసుకునేవారు. 1898 జులైలో పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతున్నాయని తేలింది. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జ్వరం వచ్చింది. అంటే ఈ జ్వరం వచ్చేది తాగే నీళ్లతో కాదు, పీల్చే గాలితో కాదు, దోమ కాటుతోనని రుజువైంది. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు మనుషుల చలిజ్వరాన్ని మోసేది అనాఫిలిస్ దోమేనని నిరూపించారు.

ఇప్పుడు వ్యాధి దారి మొత్తం మన కళ్ల ముందుంది. దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతోపాటు పరాన్నజీవి రక్తంలో దిగుతుంది. ముందు కాలేయంలో చేరి ఒకటి వేలుగా పెరుగుతుంది. తర్వాత ఎర్ర రక్తకణాల్లోకి చొరబడుతుంది. ఆ కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడల్లా మనిషికి వణుకు, చలి, ఆపైన తీవ్రమైన జ్వరం, చెమటలు వస్తాయి. రోజు విడిచి రోజు జ్వరం రావడంలోని రహస్యం ఇదే. ఆ రోగిని మరో దోమ కుడితే చక్రం మళ్లీ మొదలవుతుంది. చెడ్డ గాలి అని మనవాళ్లు నిందించిన చోట నిజానికి ఉన్నది నిలిచిన నీరు. నీటికీ మనిషికీ నడుమ దూత దోమ.

దారి తెలిస్తే తలుపు మూయవచ్చు. గాలిని ఎవరూ ఆపలేరు. నీళ్లు మాత్రం పారబోయవచ్చు. రాస్ మిగిలిన జీవితమంతా ఈ మాటే చెబుతూ తిరిగారు. 1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్ వైద్య కళాశాలలో చేరారు. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌కూ, తర్వాత మారిషస్‌కూ వెళ్లి దోమల నివారణకు సలహాలిచ్చారు. 1902లో సూయజ్ కాలువ సంస్థ కోరిక మీద ఈజిప్టులోని ఇస్మాయిలియా పట్టణం చేరుకున్నారు. ఆ పట్టణంలో ఏటా వెయ్యికి పైగా జ్వరాలు నమోదయ్యేవి. గుంటలు పూడ్పించి, నిలిచిన నీళ్లు తోడించి, మరుగుగుంతల్లో నూనె పోయించారు. 1904 నాటికి కొత్త రోగుల సంఖ్య వంద లోపుకు పడిపోయింది. ఆ తర్వాత దాదాపు కనుమరుగైంది. కొత్త మందు ఏదీ వాడలేదు. వాడినవి పారలు, బకెట్లు, మనుషుల చేతులు.

ఇంకొక ముఖ్యమైన విషయం కూడా ఆయన లెక్కలు వేసి చూపించారు. లోకంలోని ప్రతి దోమనూ చంపనక్కర లేదు. ఒక హద్దుకు దిగువగా వాటి సంఖ్య తగ్గిస్తే చాలు, వ్యాధి తనంతట తానే అంతరిస్తుంది. చిన్ననాడు గణితం మీద ఉన్న మక్కువ ఇక్కడ పనికి వచ్చింది. అంటువ్యాధుల లెక్కలకు నేటికీ ఆ పద్ధతే పునాది.

1902లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1911లో సర్ బిరుదు వచ్చింది. అయినా మనసుకు శాంతి దక్కలేదు. ఘనత ఎవరిదన్న విషయంలో గ్రాస్సీతో చాలా ఏళ్లు కఠినమైన వాదులాట సాగించారు. కోపం ఎక్కువ. తనకు రావలసినంత గుర్తింపు రాలేదన్న బాధ చివరి వరకూ ఉండేది. గొప్ప పని చేసినవారు కూడా లోపాలు లేని మనుషులు కారు. 1932 సెప్టెంబర్ 16న ఆయన లండన్‌లో కన్నుమూశారు.

మన హైదరాబాద్‌లో ఆయన పేరు నిలిచే ఉంది. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గరున్న పురాతన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆయన స్మారకంగా ఉంది. జనం కోరంటి దవాఖానా అని పిలుచుకునే నల్లకుంట జ్వరాల ఆసుపత్రికీ ఆయన పేరే పెట్టారు. ఆగస్టు 20ని ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తారు. హుస్సేన్ ఖాన్ పేరుతో మాత్రం ఒక వీధి కూడా లేదు. రాస్ తన రాతల్లో ఆ పేరు రాసిపెట్టినందువల్ల మనకు అది తెలిసింది. జ్వరంతో వణుకుతూ, కొన్ని అణాల కోసం చేయి చాపిన ఆ పేదవాని రక్తం నుంచే ఈ జ్ఞానం పుట్టింది. సర్ రొనాల్డ్ పేరు తలచినప్పుడల్లా హుస్సేన్ ఖాన్‌నూ, అబ్దుల్ ఖాదిర్‌నూ, మొహమ్మద్ బక్ష్‌నూ తలచుకోవడం మన ధర్మం.

ఆ తర్వాత మన దేశంలో ఏం జరిగిందో కూడా చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, డీడీటీ చల్లడంతో 1960ల నడిమికి రోగుల సంఖ్య లక్షకు దిగింది. ఇక గెలిచామనుకొని పట్టు సడలించగానే 1976లో మళ్లీ 64 లక్షలకు ఎగబాకింది. దోమలు మందుకు అలవాటు పడ్డాయి. మరోవైపు ఆ డీడీటీయే నేలలో, నీటిలో, ఆహారంలో, మనిషి కొవ్వులో పేరుకుంటున్నదని తేలింది. 1989లో వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించారు. రోగాన్ని ఆపడానికి చల్లినదే మరో దారిన ఒంట్లోకి చేరింది.

రాస్ నేర్పిన పాఠం దోమలకే పరిమితం కాదు. పరిసరాల వల్ల వచ్చే ఏ రోగానికైనా ఒక మూలం, ఒక దారి, చేరే ఒక శరీరం ఉంటాయి. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి శాపమనుకున్నవారున్నారు. రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరిగి, తాగే నీళ్ల ద్వారా పళ్లకూ ఎముకలకూ చేరుతున్నదని తెలిశాక పరిష్కారం కూడా తెలిసింది. బోరునీళ్లు మానిపించి నది నీళ్లు అందించడమే దారి. పెట్రోలులో కలిపే సీసం వాహనాల పొగతో పిల్లల రక్తంలో చేరి వారి మెదడును దెబ్బతీస్తున్నదని తెలిశాక 2000 సంవత్సరంలో మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. మేడ్చల్ జిల్లాలో జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడలున్నాయి. పొగ గురించి, మురుగు గురించి ప్రజలు కలవరపడటం సహజం. అప్పుడు కూడా గాలి చెడిందని నిట్టూర్చి ఊరుకోకూడదు. ఏది, ఎక్కడి నుంచి, ఏ దారిన వస్తున్నదని అడగాలి. నీళ్లను, గాలిని పరీక్ష చేయించమని అధికారులను కోరాలి.

శామీర్‌పేట దగ్గర తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ వెలసింది. అక్కడి భారత్ బయోటెక్ సంస్థకు ప్రపంచపు తొలి మలేరియా టీకా తయారీని బదలాయించేందుకు 2021లో ఒప్పందం కుదిరింది. హుస్సేన్ ఖాన్ రక్తంలో మొదలైన కథ తిరిగి తిరిగి అదే గడ్డకు చేరుకున్నదన్నమాట. ఇది మనందరం గర్వించదగిన విషయం. అయితే ఆ టీకా ప్రధానంగా ఆఫ్రికా పసిపిల్లల కోసం ఉద్దేశించినది. మన వాకిట్లోని దోమకు మాత్రం మందు మన చేతిలోనే ఉంది.

ఎందుకంటే మలేరియా తగ్గినా డెంగీ మన ఊళ్లలో వదలడం లేదు. డెంగీని మోసే దోమ పగటిపూట కుడుతుంది. అది చెరువులో పుట్టదు. మూత లేని డ్రమ్ములో, సంపులో, కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో, డాబా మీద పడేసిన పాత టైరులో, కొబ్బరి చిప్పలో, కడుతున్న ఇంటి దగ్గర నిలిచిన నీళ్లలో పుడుతుంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. కడుతున్న ప్రతి ఇంటి దగ్గరా ఒక నీళ్ల తొట్టె ఉంటుంది. రాస్ బెంగళూరు బంగళాలో కిటికీ పక్కన చూసిన తొట్టె అదే.

గుడ్డు దోమగా మారడానికి ఎనిమిది, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోసి, తొట్టెను తోమి, ఆరబెడితే ఒక్క దోమ కూడా ఎగరదు. ఇందుకోసమే ఆరోగ్యశాఖవారు శుక్రవారాన్ని డ్రైడేగా పాటించమంటున్నారు. జుమా నాడు మన ఇళ్లల్లో ఎలాగూ గుసుల్ చేస్తాం, బట్టలు మారుస్తాం, వాకిలి శుభ్రం చేస్తాం. ఆ పనుల్లో ఇదొకటి కలుపుకుందాం. నమాజుకు బయలుదేరే ముందు ఇంట్లోని గోళేలు, డ్రమ్ములు ఒకసారి చూద్దాం. మసీదు హౌజులో నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారో కమిటీ పెద్దలను అడుగుదాం. పక్కింటివారు హిందువులైనా, క్రైస్తవులైనా వారికీ చెబుదాం. దోమకు మన ఇల్లు, వారి ఇల్లు అన్న తేడా లేదు.

రెండు రోజులకు మించి జ్వరం ఉంటే మాత్రం గాలి సోకిందని ఆలస్యం చేయకుండా ప్రభుత్వ దవాఖానాకు వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒక బొట్టు రక్తం ఎంత నిజం చెబుతుందో 1897లోనే లష్కర్‌లో తేలిపోయింది.